రెండో తుమ్ము

బ్రాడీపేటలో రెండో అంతస్తు.
నలుగురం, ఒక గ్యాసుబండ.
ఫ్రిజ్జులో ఎవరి అర వాళ్ళది.
పర్వీను పెరుగు డబ్బా మీద మార్కరుతో గీత గీస్తుంది,
రాత్రి ఎంతవరకు ఉందో పొద్దున తెలియడానికి.
హిమబిందు సీఏ చదువుతోంది కాబట్టి
కరివేపాకు రెమ్మకి కూడా ఖాతా ఉంది.
మోటరు వేసేది కెజియా.
ఆపడం మరిచిపోయేది నేను.

పందొమ్మిది రోజులుగా
కెజియా నాతో మాట్లాడదు.
నేను కెజియాతో మాట్లాడను.
రెండూ ఒకటి కాదు.

గొడవ పెనం దగ్గర.
ట్యూషన్ డబ్బులతో కొనుక్కున్న నాన్‌స్టిక్ పెనం.
దాన్ని ఇనుప పీచుతో తోమింది, తళతళలాడేదాకా.
మెచ్చుకుంటాననే అనుకుంది పాపం.
నేను దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసి
“మీ ఇళ్ళల్లో ఇట్లాగే తోముతారా?” అన్నాను.

మీ ఇంట్లో అనుంటే
ఒక్క ఇల్లు, ఒక్క అమ్మ,
చీరాలలో ఒక్క వంటగది.
ఇళ్ళల్లో అన్నాను.
ఒక పేట పేటంతా వచ్చి
మా సింకు పక్కన నిలబడింది.
కెజియా చేతులు కడుక్కుంది.
పీచు ఎక్కడిదక్కడ పెట్టింది.

తర్వాత మా మాటలన్నీ పర్వీను మీదుగా వెళ్ళాయి.
“పాలవాడి డబ్బులు ఇమ్మను.”
“ఇచ్చానని చెప్పు.”
ముగ్గురం మూరెడు దూరంలోనే.
ఓ రోజు పర్వీనుకి విసుగొచ్చి
“నేనేమన్నా తపాలా పెట్టెనా?” అని
చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుంది.
అప్పటినుంచి ఉత్తరాలు కూడా లేవు.
కెజియా వంతు రోజున మాత్రం
నా అన్నం గిన్నె మీద మూత ఉండేది.
మూత మీద ఏమీ రాసి ఉండేది కాదు.

మార్చి వచ్చింది.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
కళ్ళజోడు వెనక కూడా కళ్ళు మండుతాయి.
ఊరికి కొత్తవాళ్ళు జలుబనుకుంటారు.

ఫార్మకాలజీ పరీక్ష పొద్దున
హాల్‌టికెట్టు, రెండు పెన్నులు, నీళ్ళ సీసా.
చెప్పుల్లో కాలు పెట్టాను.
వెనక పొయ్యిగట్టు దగ్గర
కెజియా తుమ్మింది.

ఒక్కటే.

నాకు శకునాల మీద నమ్మకం లేదు.
మా నాయనమ్మకి ఉండేది.
ఆమె పోయింది గానీ
నా కాళ్ళల్లో కొంచెం మిగిలింది.
ఆగాయి.
వాళ్ళింట్లో తుమ్మంటే తుమ్మే,
ప్రార్థన చేసుకుని బయల్దేరితే చాలు అని
తనే చెప్పింది, మేం మాట్లాడుకునే రోజుల్లో.

డబ్బా మూత తీసిన చప్పుడు.
తిరిగి చూశాను.
కెజియా కారం డబ్బాలో ముక్కు పెట్టి
గట్టిగా పీలుస్తోంది.
కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారాయి,
తుమ్ము ముక్కుదాకా వచ్చి ఆగిపోయింది.
రాదే ఆ రెండోది!
పర్వీను ఇయర్‌ఫోను తీసింది.
హిమబిందు పెన్ను ఎత్తి పట్టుకుంది.
కింద ఆటో హారను కొడుతూనే ఉంది.

వచ్చింది.
కారం ఎగిరి పొయ్యి మీద, లెక్కల పుస్తకం మీద,
గీతలు పడ్డ పెనం మీద పడింది.

“చిరంజీవ” అంది నా నోరు,
నన్ను అడక్కుండా.

కెజియా చున్నీతో ముక్కు తుడుచుకుని
నాతో కాదు, పర్వీనుతోనూ కాదు,
గ్యాసుబండతో చెప్పినట్టు అంది:
“వెళ్ళమను. టైమవుతోంది.”

మెట్లు దిగుతుంటే
మందుల పేర్లన్నీ వరసగా గుర్తొస్తున్నాయి.
గుర్తురానిది వేరే.
అన్నదేమో అందర్నీ.
సారీ కెజియా అంటే అది ఎన్ని గుమ్మాలదాకా వెళ్తుంది?

సాయంత్రం పుస్తకంలో హిమబిందు గుండ్రటి అక్షరాలు:
కారం, రెండు చెంచాలు.
తుమ్ము ఖాతా. నలుగురికీ సమానం.

కెజియా మోటరు వేసి స్నానానికి వెళ్ళింది.
పుస్తకం ఒళ్ళో పెట్టుకుని
పైన ట్యాంకు చప్పుడు వింటూ కూచున్నాను.
నిండింది.
లేచి ఆపాను.